వెనక్కి తిరిగి నిలబడ్డ ఆ పిల్లాడు ఎవరు?

మీ ప్రశ్న చదివాక నా పాత కటింగ్స్ ఫైలు తీసి పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మీరు కువైట్‌లో పనిచేస్తున్నానన్నారు. మీతో పనిచేసే పాలస్తీనా ఆయన కారు అద్దానికి ఒక చిన్న బొమ్మ వేలాడుతుంటుంది. అతుకుల బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, తల మీద ముళ్లలా నిక్కబొడుచుకున్న నాలుగు వెంట్రుకలు, చేతులు వెనక్కి కట్టుకుని మనకు వీపు చూపిస్తూ నిలబడ్డ పిల్లాడు. ఎవరని అడిగితే ఆయన "ఇది మేమే" అని మాత్రం అన్నారట. మొన్న మీకూ అలాంటి కీచైన్ ఒకటి తెచ్చిచ్చారు. ఆ పిల్లాడు ఎవరు, ముఖం ఎందుకు చూపించడు, ఒక కార్టూన్ బొమ్మ జాతికి గుర్తు ఎలా అవుతుంది, మన ఆర్.కె. లక్ష్మణ్ కామన్ మ్యాన్ లాంటిదేనా, దాన్ని మీ కారులో పెట్టుకోవచ్చా అని అడిగారు. నేను ముప్పై ఏళ్లు తెలుగు పత్రికల్లో పాకెట్ కార్టూన్లు, రాజకీయ కార్టూన్లు గీశాను. ఈ పిల్లాడి గురించి ఆలోచించినంతగా ఇంకే బొమ్మ గురించీ ఆలోచించలేదు. అందుకే సమాధానం కాస్త పొడుగ్గానే ఉంటుంది.

వాడి పేరు హందలా. గీసినాయన నాజి అల్ అలీ. హందలా పుట్టింది మీరుంటున్న కువైట్‌లోనే. 1969 జులైలో అక్కడి అల్ సియాసా పత్రికలో మొదటిసారి కనిపించాడు.

ముందు పేరు సంగతి చెప్పాలి. ఇసుక నేలల్లో, నీళ్లు లేనిచోట పాకే ఒక తీగ ఉంటుంది. చిన్న పుచ్చకాయలాంటి గుండ్రటి కాయలు కాస్తుంది. నోట పెట్టలేనంత చేదు. అరబిక్‌లో దాన్ని హందల్ అంటారు. మన దగ్గర పాపరకాయ అంటాం, చేదుపుచ్చ అని కూడా అంటారు. దాని వేరు చాలా లోతుకు దిగుతుంది. పైన తీగను కోసేసినా కింద వేరు ఉంటే మళ్లీ చిగురు వేస్తుంది. నాజి తన పిల్లాడికి ఆ పేరు పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు పీకినా మళ్లీ మొలిచే చేదు అన్నమాట.

నాజి కథ తెలిస్తే ఆ చేదు ఎక్కడిదో అర్థమవుతుంది. ఆయన 1930ల చివర్లో పాలస్తీనాలోని గలిలీ ప్రాంతంలో, నజరేతుకూ తిబేరియకూ మధ్య ఉన్న అల్ షజరా అనే పల్లెలో పుట్టాడు. షజరా అంటే చెట్టు. ఇజ్రాయెల్ ఏర్పడినప్పటి 1948 యుద్ధంలో ఆ ఊరు పోయింది. ఆ ఏడాది ఏడు లక్షల మందికి పైగా పాలస్తీనీయులు ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చింది. దాన్ని వాళ్లు నక్బా అంటారు, అంటే మహా విపత్తు. నాజి కుటుంబం లెబనాన్ చేరి, సిడాన్ పక్కనున్న ఐన్ అల్ హిల్వే శరణార్థి శిబిరంలో పడింది. అప్పటికి పిల్లాడికి పదేళ్లు. ఆ పది అంకె గుర్తుపెట్టుకోండి.

శిబిరంలో పెరిగి, మెకానిక్ పని నేర్చుకుని, రాజకీయాల్లో తిరిగి, లెబనాన్ జైళ్లకు వెళ్లివచ్చాడు. జైలు గోడల మీద, శిబిరం గోడల మీద బొమ్మలు గీసేవాడు. పాలస్తీనా రచయిత ఘసాన్ కనఫానీ శిబిరానికి వచ్చినప్పుడు ఆ బొమ్మలు చూసి, 1961లో తాను పనిచేసే పత్రికలో వేశాడు. తర్వాత 1963లో నాజి ఉద్యోగం కోసం కువైట్ వెళ్లాడు. మన కడప వాళ్లు, కోనసీమ వాళ్లు వెళ్లినట్టే బతుకుదెరువు కోసం వెళ్లాడు. అక్కడ పత్రికలో జీతం వచ్చింది, నెమ్మదిగా సుఖం వచ్చింది. ఆ సుఖంలో పడి శిబిరాన్ని మరిచిపోతానేమోనని భయం పట్టుకుందని, తనను తప్పుదారి పట్టకుండా కాపలా కాయడానికే హందలాను పుట్టించుకున్నానని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. నాకు ఈ మాట చాలా ముఖ్యంగా తోస్తుంది. ఎవరికో సందేశం ఇవ్వడానికి కాక, తనను తాను కాచుకోవడానికి గీసుకున్న బొమ్మ అది. మూలన నిలబడ్డ ఆ పిల్లాడు మొదట చూసేది గీసేవాడి చేతినే.

మొదటిసారి వచ్చిన రోజు హందలా తనను తానే పరిచయం చేసుకున్నాడు. పేరు హందలా. నాన్న పేరు అక్కర్లేదు. అమ్మ పేరు నక్బా. చెప్పుల సైజు తెలియదు, ఎందుకంటే ఎప్పుడూ వట్టి కాళ్లే. పుట్టిన తేదీ 1967 జూన్ 5. అది ఆరు రోజుల యుద్ధం మొదలైన రోజు, ఈజిప్టు, జోర్డాన్, సిరియా కలిసి ఇజ్రాయెల్ చేతిలో ఓడిపోయిన యుద్ధం. ఫలానా దేశం వాణ్ణని చెప్పుకోలేదు, తానొక అరబ్‌నని చెప్పుకున్నాడంతే.

పుట్టిన తేదీ 1967 అయినా వయసు మాత్రం పదేళ్లే, ఎప్పటికీ పదేళ్లే. నాజి ఊరు వదిలినప్పటి వయసు అది. హందలా మళ్లీ తన ఊరు చేరినరోజు కూడా వాడికి పదేళ్లే ఉంటాయని, అక్కణ్ణుంచే పెరగడం మొదలుపెడతాడని, అప్పటిదాకా ప్రకృతి నియమాలు వాడికి వర్తించవని నాజి చెప్పాడు. కార్టూన్లలో పాత్రలు వయసు పెరగకపోవడం మామూలే. మనకు అలవాటైన పాత్రలన్నీ అంతే. కానీ అవి ఎందుకు పెరగవో ఎవరూ చెప్పరు. హందలా పెరగకపోవడానికి ఒక కారణం ఉంది, ఒక షరతు ఉంది. ఆ షరతు తీరేదాకా వాడి గడియారం ఆగిపోయే ఉంటుంది. నాలుగు గీతల్లో ఒక జాతి పరిస్థితినంతా ఇంత సూటిగా చెప్పిన బొమ్మ నేను ఇంకొకటి చూడలేదు.

ఇక మీ రెండో ప్రశ్న, ముఖం ఎందుకు చూపించడు అని.

మొదట్లో చూపించేవాడు. 1973లో ఈజిప్టు, సిరియా ఇజ్రాయెల్‌తో చేసిన అక్టోబర్ యుద్ధం తర్వాత వెనక్కి తిరిగాడు, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఆ యుద్ధం అయ్యాక అమెరికా మధ్యవర్తిత్వంతో రాజీ చర్చలు మొదలయ్యాయి. అమెరికా పద్ధతిలో ముందుకొచ్చే ఆ పరిష్కారాలను ఒప్పుకోనని చెప్పడానికే వాడు చేతులు కట్టుకున్నాడని నాజి వివరించాడు. మీరు ఒకసారి మీ చేతులు వెనక్కి కట్టుకుని చూడండి. ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే తీసుకోలేరు. షేక్‌హ్యాండ్ ఇవ్వలేరు. సంతకం పెట్టలేరు. నాజి ఆ భంగిమను అంత ఆలోచించి ఎంచుకున్నాడు.

అది రాజకీయ అర్థం. గీసేవాడిగా నేను ఇంకో అర్థం చెబుతాను. మన ఊళ్లలో వీధినాటకం ఆడేటప్పుడు చిన్నపిల్లలు ముందుకెళ్లి నేల మీద కూర్చునేవాళ్లు గుర్తుందా? వెనక నిలబడ్డ పెద్దవాళ్లకు ముందు ఆ పిల్లల వీపులు, తలలు కనిపించేవి, వాటి మీదుగా నాటకం కనిపించేది. హందలా కార్టూన్ అచ్చం అలా ఉంటుంది. నాయకులు, సైనికులు, ముళ్లకంచెలు, శవాలు, బేరాలు, అన్నీ ఎదురుగా జరుగుతుంటాయి. హందలా బొమ్మలో ముందువైపు, మన దగ్గరగా నిలబడి చూస్తుంటాడు. అంటే వాడు కథలో పాత్ర కంటే ముందు మనలాంటి ప్రేక్షకుడు. మనవైపు వాడు. వాడు మనకు వీపు పెట్టాడని చాలామంది అనుకుంటారు. నిజానికి వాడు మనకంటే ఒక అడుగు ముందు నిలబడి, మనం చూస్తున్నదాన్నే చూస్తున్నాడు. ముఖం కనబడదు కాబట్టి వాడు ఏడుస్తున్నాడో కోపంతో ఉన్నాడో గీసేవాడు చెప్పడు. చూసేవాడు తన ముఖాన్నే అక్కడ పెట్టుకుంటాడు.

వాడు ఊరికే నిలబడని సందర్భాలూ ఉన్నాయి. ఆ తర్వాతి బొమ్మల్లో కొన్నిచోట్ల రాయి విసిరాడు. 1982లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్ రాజధాని బీరూట్‌ను ముట్టడించినప్పుడు నాజి కువైట్ వదిలి అక్కడి అల్ సఫీర్ పత్రికలో ఉన్నాడు. అప్పుడు గీసిన ఒక బొమ్మ ఉంది. బాంబు దెబ్బకు గోడకు పెద్ద కన్నం పడింది. ఆ కన్నంలోంచి ఒక అమ్మాయి చూస్తోంది. ఇవతల హందలా ఆమెకు ఒక పువ్వు అందిస్తూ "శుభోదయం బీరూట్" అంటున్నాడు. ఎప్పుడూ కట్టుకుని ఉండే చేతులు పువ్వు కోసం విడివడ్డాయి. ఆ బొమ్మను మొదటిసారి చూసిన రోజు నేను నా పని చేసుకోలేకపోయాను.

హందలా చుట్టూ ఉన్న మిగతావాళ్ల గురించి కూడా రెండు మాటలు. అతుకుల బట్టల్లో సన్నగా, పొడుగ్గా ఉండే పేదవాడు ఒకడు. ఫాతిమా అనే స్త్రీ, ఎప్పుడూ భర్త కంటే గట్టిగా నిలబడే మనిషి. శిలువ మీద క్రీస్తు చాలాసార్లు వస్తాడు, క్రీస్తు తిరిగిన గలిలీయే నాజిది కూడా కదా. వీళ్లకు ఎదురుగా బాగా బలిసిన, మెడలేని, కాళ్లులేని మనుషులు. వాళ్లు అరబ్ పాలకులు, బేరగాళ్లు, సుఖాలకు అలవాటుపడ్డ నాయకులు. నిలబడ్డానికి కాళ్లు లేకుండా గీయడంలోనే ఆయన తీర్పు ఉంది.

ఇందువల్లే నాజికి అన్నివైపులా శత్రువులయ్యారు. ఇజ్రాయెల్‌ను, అమెరికాను విమర్శించినంత కటువుగా అరబ్ ప్రభుత్వాలనూ, చివరికి పాలస్తీనా విమోచన సంస్థ నాయకత్వాన్నీ విమర్శించాడు. 1983లో మళ్లీ కువైట్ వచ్చి అల్ ఖబస్ పత్రికలో చేరితే, 1985లో దేశం వదలాల్సి వచ్చింది. లండన్ వెళ్లి అదే పత్రిక అంతర్జాతీయ ఎడిషన్‌కు గీశాడు. 1987 జులై 22న చెల్సీ ప్రాంతంలో ఆఫీసు ముందు ఒకడు దగ్గరి నుంచి కాల్చాడు. ఐదు వారాలు స్పృహ లేకుండా ఉండి ఆగస్టు 29న చనిపోయాడు. ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొస్సాద్ పని అని కొందరు, పాలస్తీనా నాయకత్వంలో ఆయన మీద కోపం ఉన్నవాళ్ల పని అని కొందరు అన్నారు. ఎవరు చేశారో రుజువు కాలేదు. 2017లో లండన్ పోలీసులు తెలిసినవాళ్లు ముందుకు రావాలని మళ్లీ ప్రకటన ఇచ్చారు. ఐన్ అల్ హిల్వేలో తండ్రి పక్కన పూడ్చమన్న ఆయన కోరిక తీరలేదు. లండన్ బయట బ్రూక్‌వుడ్ శ్మశానంలో ఉన్నాడు. నాజి అనే పేరుకు అరబిక్‌లో ఆపద నుంచి బయటపడ్డవాడు అని అర్థం.

మరుసటి ఏడాది పత్రికా ప్రచురణకర్తల అంతర్జాతీయ సమాఖ్య ఆయనకు గోల్డెన్ పెన్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చింది. ఆయన పోయిన మూడు నెలలకే, 1987 డిసెంబర్‌లో, గాజాలో మొదటి ఇంతిఫాదా, అంటే ఇజ్రాయెల్ ఆక్రమణ మీద పాలస్తీనీయుల తిరుగుబాటు, మొదలైంది. వీధుల్లో రాళ్లు విసిరినవాళ్లలో చాలామంది హందలా వయసు వాళ్లు, వాడికంటే నాలుగేళ్లు పెద్దవాళ్లు. దాన్ని చూడ్డానికి నాజి లేడు.

కార్టూన్ బొమ్మ జాతికి గుర్తు ఎలా అవుతుంది అన్నారు. ప్రభుత్వాలు చేసిన గుర్తులు వేరు. 2008లో జపాన్ విదేశాంగ శాఖ పిల్లి రోబో డోరేమాన్‌ను యానిమే, అంటే తమ కార్టూన్ చిత్రాల, రాయబారిగా నియమించింది. అమెరికాకు గుర్తైన అంకుల్ శామ్ అంతకుముందే ఉన్నా, వేలు చూపించి సైన్యంలో చేరమనే 1917 నాటి పోస్టర్‌తో అందరి మనసుల్లో పడ్డాడు, అది సర్కారు పోస్టరే. అక్కడ దేశం ముందుంది, దానికో బొమ్మ దొరికింది. హందలా విషయంలో అది తిరగబడింది. 1967 తర్వాత ఇజ్రాయెల్ ఆక్రమించిన గాజా, వెస్ట్ బ్యాంక్ ప్రాంతాల్లో పాలస్తీనా జెండా ఎగరేయడం నేరం. 1993లో ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా విమోచన సంస్థకూ మధ్య ఓస్లో ఒప్పందం కుదిరేదాకా ఆ పరిస్థితే. జెండా లేదు, పాస్‌పోర్ట్ లేదు, సరిహద్దు లేదు. అలాంటి జనానికి ఒక గుర్తు కావాలంటే అది జేబులో పట్టాలి, గోడ మీద నిమిషంలో గీసి పారిపోయేటట్టు ఉండాలి. జెండా రంగులున్నాయి కాబట్టి వాళ్లు పుచ్చకాయను కూడా గుర్తుగా చేసుకున్నారు. వృక్షశాస్త్రంలో పుచ్చకాయ, పాపరకాయ ఒకే కుటుంబంలో ఒకే ప్రజాతి. ఒక జాతి తియ్యటి పుచ్చనూ చేదు పుచ్చనూ రెండింటినీ తన గుర్తులుగా పెట్టుకుంది.

నేను చెప్పదలుచుకున్న అసలు విషయం ఇక్కడే ఉంది. ఒక పాత్రను జనం ప్రేమించినంత మాత్రాన అది వాళ్ల గుర్తు కాదు. వాళ్లు తమ చేత్తో గీయగలిగినప్పుడే అవుతుంది.

ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. రిటైరయ్యాక పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. ఒకసారి వరంగల్‌లో పెట్టిన క్లాసులో నలభైమంది దాకా పిల్లలకు కామన్ మ్యాన్ బొమ్మ ఒక నిమిషం చూపించి దాచేసి, గుర్తున్నట్టు గీయమన్నాను. గళ్ల కోటు వచ్చింది, పంచె వచ్చింది, కళ్లజోడు వచ్చింది. ఆ ముఖం ఒక్కరికీ రాలేదు. తర్వాత హందలాను అంతే సేపు చూపించాను. నలభై హందలాలు వచ్చాయి. కొందరివి లావు, కొందరివి సన్నం, కొందరివి వంకర. కానీ ప్రతిదీ హందలానే. నేనూ తొమ్మిదేళ్లు ఒక రైతు పాత్రను రోజూ గీశాను. పాఠకులు దాన్ని తలుచుకుని ఉత్తరాలు రాసేవాళ్లు. కానీ ఒక్క ఉత్తరంలోనూ ఆ రైతు బొమ్మ ఎవరూ గీసి పంపలేదు. ఎందుకో ఆ రోజు వరంగల్‌లో తెలిసింది. నా రైతు ముఖంలో నా చేయి మరీ ఎక్కువ ఉంది.

కామన్ మ్యాన్‌ను తక్కువ చేయడం లేదు. లక్ష్మణ్ గారు నాకు గురుస్థానం. స్వాతంత్ర్యం వచ్చాక మొదట్లో ఆయన దేశాన్ని చూపించడానికి బెంగాలీ, తమిళుడు, పంజాబీ అంటూ గుంపునంతా గీసేవారు. డెడ్‌లైన్ ఒత్తిడికి ఆ గుంపు తగ్గుతూ వచ్చి, చివరికి ఒక్క మనిషి మిగిలాడు. 1951 నుంచి టైమ్స్ ఆఫ్ ఇండియా మొదటి పేజీలో నిలబడ్డాడు. 1988లో తపాలా బిళ్ల మీదికొచ్చాడు, 2001లో పుణెలో కంచు విగ్రహమయ్యాడు. ఆయన కూడా మాట్లాడడు, ఆయన కూడా చూస్తుంటాడు. ఇంతవరకు ఇద్దరూ ఒకటే. కానీ కామన్ మ్యాన్‌కు ఇల్లుంది, ఓటుంది, రేషన్ కార్డుంది. తనదైన దేశంలో నిలబడి దాని తప్పులు చూస్తున్నాడు. ఎత్తిన ఆ కనుబొమలు, ఆ తికమక చూపు లేకపోతే ఆయన లేడు. ఆ చూపును గీయగలిగిన చేయి ఒక్కటే, 2015లో అది ఆగిపోయింది. హందలా దేశం పోగొట్టుకున్నవాడు. నాజి పోయాక పని ఆగలేదు, ఇంకా ఎక్కువమంది గీశారు. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన గోడ మీద గీశారు, శిబిరాల సందుల్లో గీశారు, మెడలో వేసుకున్నారు, చేతి మీద పచ్చబొట్టు వేయించుకున్నారు. వాళ్లలో చాలామంది బొమ్మలు గీసేవాళ్లు కారు.

మీ చివరి ప్రశ్న, కీచైన్ పెట్టుకోవచ్చా అని. మీ ఉద్యోగం, అక్కడి నియమాలు మీకే బాగా తెలుసు, ఆఫీసు బండి అయితే ముందు అడగండి. సొంత కారు అయితే పెట్టుకోండి. మీతో పనిచేసే ఆయన మీకు అలంకారం వస్తువు ఇవ్వలేదు, తన ఇంటి మనిషిని ఇచ్చాడు. ఇంకో పని కూడా చేయండి. ఆయన తాతగారి ఊరు ఏదని అడగండి. పాలస్తీనీయుల్లో కువైట్‌లో పుట్టినవాళ్లు, జోర్డాన్‌లో పుట్టినవాళ్లు కూడా తాము ఎప్పుడూ చూడని ఆ ఊరి పేరే చెబుతారు. ఆయన చెప్పాక మీరు మీ ఊరి పేరు చెప్పండి. కాగితం, పెన్ను దగ్గరుంటే ఆ పిల్లాణ్ణి గీసి చూపించండి. ముందు గుండ్రటి తల, దాని మీద చుట్టూ చిన్న గీతలు. కింద వదులు చొక్కా, మోచేతి దగ్గర అతుకు. పొట్టి లాగు, రెండు వట్టి పాదాలు. చేతులు ఆఖర్న, వెనక్కి కట్టుకుని. మీకు బొమ్మలు రావని మొహమాటపడకండి, వస్తుంది.